మామ్మ లేచేదాకా

నేను కాపురానికి వచ్చిన ఏడాది వానలు తొందరపడ్డాయి. నా పెట్టెలో బట్టలు ఇంకా పూర్తిగా బయటికి తీయలేదు, అప్పుడే వంటింటి చూరు కారడం మొదలైంది.

మా అత్తగారిల్లు పై వీధిలో చివరిది. దాని తర్వాత పంపు షెడ్డు, షెడ్డు వెనక కొండ. వీధి మా గుమ్మం దగ్గర మొదలై వాలుగా దిగి బజారు రోడ్డులో కలుస్తుంది. రోడ్డుకు అవతల గుట్ట, గుట్ట మీద బడి. కొండ మట్టిది, గుట్ట రాతిది. ఆ ఊరి పిల్లలు అక్షరాల కన్నా ముందు ఈ తేడా నేర్చుకుంటారు.

మొదటి వారంలో మా ఆయన నన్ను వీధంతా తిప్పాడు. మనుషులను పరిచయం చేసినట్టే ఖాళీ స్థలాలను కూడా పరిచయం చేశాడు.

"ఇక్కడ మా పెదతాత ఇల్లుండేది. కొండచరియ విరిగిపడ్డ పెద్ద జారుడులో పోయింది. ఆ మొండిగోడ పాత బడిది. రెండోసారి పోయింది. ఆదివారం కాబట్టి సరిపోయింది. ఈ పశువుల కొట్టం పోయింది మొన్నమొన్ననే. దాన్ని చిన్న జారుడంటారు."

"చిన్నదంటే?"

"మనుషులు పోలేదు."

ఆయన కలప మిల్లులో పని చేసేవాడు. మాటలు కూడా కొలిచి కోసినట్టే వాడతాడు.

ఆ ఊళ్లో వయసులు కూడా అలాగే చెప్పేవాళ్లు. నీ వయసెంత అని పాలామెను అడిగితే, "పెద్ద జారుడప్పుడు మా అమ్మ నన్ను మోస్తోంది. పరిగెత్తింది తనే, ఆయాసం మాత్రం నాకు ఇప్పటికీ పోలేదు" అంది.

మా అత్తయ్య పంపు నడిపేది. కొండలోంచి వచ్చే ఊట నీళ్లు తొట్టిలో పడతాయి. వాటిని ఊరికి వదలడం ఆవిడ ఉద్యోగం. సైరన్ కూడా ఆవిడ చేతిలోదే. మా డాబా మీద ఇనప స్తంభానికి బిగించి ఉండేది, పిడి పట్టుకుని చేత్తో తిప్పాలి. ఊళ్లో ఆవిడను సైరనమ్మ అనేవాళ్లు. ఎదురుపడినప్పుడు అలా పిలవడం మాత్రం అంతకు ముందు ఏడాది నుంచి మానేశారు.

ఆ ముందు ఏడాది ఊట నీళ్లు బురదగా మారాయని అత్తయ్య సైరన్ తిప్పింది. వీధంతా బడికెక్కింది. వానలో, గచ్చు మీద, చాపలు చాలక పడుకున్నారు. కొండ కదల్లేదు. మా వీధి టైలర్ వాళ్ల నాన్నకు అప్పటికే దగ్గు. బడిలో జ్వరం పట్టుకుంది. కిందికి దిగాక ఆ ముసలాయన మంచం మీంచి లేవలేదు. టైలర్ మా ఇంటి మీదికి గొడవకు రాలేదు. అత్తయ్య కుట్టమని ఇచ్చిన జాకెట్టు గుడ్డలు మడతపెట్టి, మా అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. మాట్లాడటం మానేశాడు. నా కొత్త జాకెట్లు కూడా పక్క ఊళ్లో కుట్టించుకోవాల్సి వచ్చింది.

ఆ సైరన్‌కు కదలని మనిషి ఊరు మొత్తంలో ఒక్కరే. మా ఆయన నాయనమ్మ. ఊరందరికీ మామ్మ. ఆవిడ కదలనంటే అత్తయ్యా ఆవిడతో పాటు ఇంట్లో ఉండిపోయింది. "తిప్పినావిడ ఇంట్లోనే ఉంది, మనల్ని మాత్రం గొర్రెల్లా తోలింది" అన్నారు జనం. మామ్మను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. పెద్ద జారుడు కళ్లారా చూసిన వాళ్లలో ఆవిడ ఒక్కతే మిగిలింది. ఆవిడకు తెలుసన్నారు. అప్పటినుంచి అదొక సామెత అయి కూర్చుంది: మామ్మ లేచేదాకా కొండ లేవదు.

పొద్దున్నే మామ్మ అరుగు మీద కుర్చీలో కనిపించేది. ఒళ్లో దుప్పటి, పక్కన గోడకు చేతికర్ర. దారిన పోయేవాళ్లు ఆగి అడిగేవాళ్లు.

"ఏమంటావు మామ్మా, వాన?"

"నాతో ఏమీ అనలేదు. నీతో ఏమైనా అందా?"

నవ్వుకుంటూ పనికి పోయేవాళ్లు. ఆ రోజుకు వాళ్లకు అది చాలు.

నాకు అసలు సంగతి తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. తెల్లవారకముందే అత్తయ్యా నేనూ మామ్మను మంచం మీంచి ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టేవాళ్లం. ఆవిడ రెండు కాళ్లలోనూ సత్తువ లేదు. గిల్లినా తెలియదు. దీపాలు పెట్టాక, వీధిలో జనం పలచబడ్డాక, లోపలికి తెచ్చేవాళ్లం. ఆవిడ నడవడం రెండేళ్లుగా ఊళ్లో ఎవరూ చూడలేదు. నడవలేకపోవడమూ ఎవరూ చూడలేదు. కర్ర కింద తొడుగు కొత్తదానిలాగే ఉండేది.

"బయట చెప్పకమ్మాయ్" అంది అత్తయ్య మొదటిరోజే. "ఆవిడ మాట అది."

"ఎందుకు?"

"మనింటికి వచ్చినప్పటినుంచీ ఆవిడ ఎవరి చేతా గ్లాసు మంచినీళ్లు కూడా అందించుకోలేదు. ఇప్పుడు నేను నీళ్లు పోస్తున్నాను. నా ముందే సిగ్గుపడుతుంది. ఊరి ముందు సిగ్గుపడటం ఆవిడ వల్ల కాదు."

వాన ఆగలేదు. పడటం, పలచబడటం, మళ్లీ పడటం. ఊట దగ్గర రోజూ ఒక గాజు గ్లాసు పట్టి అత్తయ్య వంటింటి కిటికీ గట్టు మీద పెట్టేది. మర్నాడు దాని పక్కన ఇంకొకటి. మన్ను కిందికి దిగాక అడుగున ఎంత పేరుకుందో చూసేది. మొదట్లో ఆ గ్లాసుల్లో అడుగు కనిపించేది. పోను పోను కనిపించడం మానేసింది. టీ తాగడానికి గ్లాసులు చాలక మేం గిన్నెల్లో తాగేవాళ్లం. 

వంటింటి తలుపు పడటం మానేసింది. మా ఆయన చిత్రిక పట్టి సరిచేశాడు.

"తేమకు చెక్క ఉబ్బింది" అన్నాడు.

నాలుగు రోజులకు మళ్లీ పట్టేసింది. మళ్లీ చిత్రిక పట్టాడు. మూడోసారి చిత్రిక చేతిలో పెట్టుకుని తలుపును కాక, ఒక పక్కకు ఒరిగిన ద్వారబంధాన్ని చూస్తూ నిలబడ్డాడు. చెక్క సంగతి ఆయనకు చెప్పక్కర్లేదు. చిత్రిక అటక మీద పెట్టేశాడు. ఆ రోజునుంచి తలుపు తెరిచే ఉంచాం.

పంపు షెడ్డు గచ్చు మీద ఒక బీట కనిపించింది. దాని మీద అడ్డంగా అత్తయ్య కాగితం ముక్క అంటించింది. తెల్లారేసరికి కాగితం చిరిగి ఉంది. ఇంకొకటి అంటించింది.

ఆవిడ కొండల సంగతి చూసే ఆఫీసుకు ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. అవతలి గొంతు నాకూ వినపడింది.

"వర్షం ఇంకా ఉందమ్మా. ప్రమాదం ఉండొచ్చు. దగ్గరున్నది మీరు. చూసుకుని నిర్ణయించండి."

"ఉండొచ్చు అంటే ఎంత?"

"ఉండొచ్చు అంటే ఉండొచ్చనేనమ్మా. బురద వస్తోందంటున్నారు, అది మంచిది కాదు. వాన పడుతుండగా ఊట ఆగిపోతే మాత్రం ఇంక ఎవర్నీ అడక్కండి. నీళ్లు బయటికి రాకుండా కొండలోనే నిలబడుతున్నట్టు."

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకూ అంతవరకే తెలుసు. అత్తయ్య ఫోన్ పెట్టేసి డాబా మెట్ల వైపు చూసింది. ఎక్కలేదు.

"పోయినేడు బురదకే తిప్పాను" అంది. "ఒక మనిషి పోయాడు."

"కొండ పడి ఉంటే ఎంతమంది పోయేవాళ్లు అత్తయ్యా?"

"పడలేదు కదమ్మా. పడనిదానికి లెక్క ఎవరు కడతారు?"

ఆ వారమంతా ఆవిడ అన్నం ముందు కూర్చునేది, కలిపేది, చెయ్యి ఆగిపోయేది. వెనక వాన చప్పుడులో ఇంకో చప్పుడేదైనా ఉందేమోనని వినేది. ఆవిణ్ణి చూసి నేనూ వినడం నేర్చుకున్నాను. ఒకసారి అలవాటైతే ఇంక మామూలు వాన వినపడదు.

ఒక పొద్దున అత్తయ్య ఊట దగ్గరినుంచి వచ్చి గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టింది. గ్లాసు ఖాళీగా ఉంది. బయట వాన పడుతూనే ఉంది.

ఆవిడ డాబా వైపు నడిచింది. మెట్లెక్కింది. సైరన్ మొదట గురక పెట్టినట్టు మొదలై, లేచి, నిలబడింది.

నేను వీధి గుమ్మంలోకి పరిగెత్తాను. తలుపులన్నీ తెరుచుకున్నాయి. ప్రతి గుమ్మంలోనూ మనుషులున్నారు. ఎవరి చేతిలోనూ మూటలు లేవు. అందరూ పైకి, మా అరుగు వైపు చూస్తున్నారు. అరుగు మీద మామ్మ కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో దుప్పటి. పక్కన కర్ర.

"మామ్మ కూర్చునే ఉంది కదా!" అంది పాలామె అవతలి గుమ్మంలోంచి.

"సైరనమ్మకు ఏటా ఒకసారి చెయ్యి దురద పెడుతుందిలే" అన్నారెవరో. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఒక తలుపు మూసుకుంది.

అత్తయ్య సైరన్ ఆపి కిందికి వచ్చింది. అరచేతులు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. వీధి వైపు ఒకసారి చూసి, వచ్చి మామ్మ కుర్చీ దగ్గర గొంతుక్కూర్చుంది.

"అత్తయ్యా, ఊట ఆగింది. వాళ్లు మిమ్మల్నే చూస్తున్నారు."

"తెలుసు."

"మీరు లేస్తే తప్ప కదలరు."

"తెలుసే. పోయినేడే తెలుసు" అంది మామ్మ. కాసేపు వీధిని చూసింది. "నా పరువు మీద ఇంతమంది కాపురాలుంటున్నారని నాకు తెలుసు. బాగానే ఉంది అనుకున్నాను."

మా ఆయన లోపలినుంచి తాడు తెచ్చాడు. "నాయనమ్మా, పెరటి దారిన నేను వీపున వేసుకుపోతాను. ఎవరికీ కనపడదు. నువ్వు బడిలో ఉన్నావని తర్వాత చెబుదాం."

"కనపడకపోతే ఎందుకురా మొయ్యడం?" అంది మామ్మ. తర్వాత నా వైపు తిరిగింది. "పిల్లా, ఆ దుప్పటి తీసెయ్. కర్ర ఇక్కడే ఉండనీ. దానికి నడక రాదు."

దుప్పటి తీశాను. కుర్చీకి అటు మా ఆయన, ఇటు అత్తయ్యా నేనూ పట్టుకున్నాం. మెట్లు దిగుతుంటే మామ్మ కాళ్లు రెండూ గుడ్డ పీలికల్లా ఊగాయి.  వాన చప్పుడు ఒక్కటే. మేం మొదటి గుమ్మం దాటాం, రెండోది దాటాం. వెనక ఎవరో పిల్లల్ని కేకేయడం వినపడింది. తర్వాత గిన్నెల చప్పుడు. పాలామె గేదెల తాళ్లు విప్పుతూ వాటిని తిడుతోంది.

టైలర్ తన కొట్టు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మెడలో టేపు. లోపల మిషన్ మీద సగం కుట్టిన చొక్కా. అతను అక్కణ్ణుంచి కదల్లేదు.

"ఆపండి" అంది మామ్మ. ఆపాం.

అతను ఆవిడ కాళ్లు చూస్తున్నాడు. "ఎప్పట్నుంచి మామ్మా?"

"రెండేళ్లు దాటింది."

"అయితే పోయినసారి..."

"పోయినసారి లేవలేక కూర్చున్నాను. నాకేదో తెలిసి కాదు."

అతను మెడలో టేపు తీసి చేతికి చుట్టుకున్నాడు, విప్పాడు. "మేమూ మామ్మలాగా ఇంట్లో ఉండిపోతే నాన్న దక్కేవాడని ఏడాదిగా అనుకుంటున్నాను."

"అనుకో. నన్ను తిట్టు, మా కోడల్ని తిట్టు. పైకొచ్చి తిట్టు."

మేం కుర్చీ ఎత్తాం. నేను వెనక్కి తిరిగి చూడలేదు. గుట్ట మొదట్లో మలుపు తిరిగేటప్పుడు, నా పక్కన కుర్చీ ఒక్కసారిగా తేలికైంది. చూస్తే నా చేతి పక్కన ఇంకో చెయ్యి ఉంది. ఆ చేతికి టేపు చుట్టి ఉంది. అతని భార్యాబిడ్డలు వెనక వస్తున్నారు. దారంతా అతను మాతో మాట్లాడలేదు.

ఆ రోజు కొండ కదల్లేదు.

బడి వసారాలో అందరం కొండకు ఎదురుగా కూర్చున్నాం, బండి కోసం చూస్తున్నట్టు. అక్కణ్ణుంచి మా ఇల్లు అగ్గిపెట్టెంత కనిపించేది. మర్నాడు వాన తెరిపిచ్చింది. ఎండ కూడా వచ్చింది. కొండ మీద పచ్చిక మెరిసింది. నన్ను అంతకన్నా భయపెట్టింది మరొకటి లేదు. జనం ఒళ్లు విరుచుకోవడం మొదలుపెట్టారు.

"పాలు పితికినవి ఇక్కడెవరు కొంటారు? మీరు తాగి మూతి తుడుచుకుంటున్నారు" అంది పాలామె.

"మళ్లీ పోయినేడులాగే" అన్నారు వెనకనుంచి.

అత్తయ్య ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుంది. రాత్రి తినలేదు. పొద్దునా తినలేదు. పిడి తిప్పిన చేతులు ఒళ్లో పెట్టుకుని, కొండను చూడటం మానేసి, నేలను చూస్తోంది. కొండ పడాలని కోరుకుంటున్నానేమో అని నాకొక ఆలోచన వచ్చింది. పడితే మా ఇల్లు పోతుంది. పడకపోతే ఆవిడ పోతుంది. నేను ఆ ఆలోచన మా ఆయనకు కూడా చెప్పలేదు.

మధ్యాహ్నం టైలర్ లేచాడు. "మిషన్ తల తెచ్చుకుంటాను. కొట్టు కారుతోంది. తుప్పు పడితే నేను ఏం పెట్టి బతకాలి? ఇలా వెళ్లి అలా వచ్చేస్తాను."

నలుగురైదుగురు అతనితో పాటు లేచారు. ఒకరికి బియ్యం, ఒకరికి మందులు, ఒకరికి తాళం వేశామో లేదోనని. ఒకడు మామ్మ దగ్గరికి వచ్చాడు. ఇంత జరిగినా అడిగాడు.

"మామ్మా, వెళ్లొచ్చా?"

"నాకేం తెలుసురా. నన్ను మోసుకొచ్చారు."

అత్తయ్య తలెత్తింది. "ఊట ఇంకా రాలేదు. ఎండ వచ్చినా లోపల నీళ్లు అలాగే ఉన్నాయి. వెళ్లకండి."

 టైలర్ చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

"ఏరా అబ్బాయ్" అంది మామ్మ. "నీ దగ్గర కత్తెర ఉందా?"

అతను జేబు తడుముకున్నాడు. "దారాలు తెంపేది ఉంది. ఎందుకు?"

"గోళ్లు తీసి వెళ్లు. కాళ్లవి. నాకు వంగడం రాదు."

"మామ్మా, ఇది గుడ్డల కత్తెర. వేరే దేనికీ వాడకూడదు. పదును పోతుంది."

"ఆ కాళ్లు గుడ్డలకన్నా గట్టిగా ఉన్నాయా? నువ్వే చూశావుగా."

ఎవరో నవ్వారు. అతనికీ మూతి కదిలింది. "వచ్చాక తీస్తానులే."

"వచ్చాక నేనుంటానో లేదో. ముసలిదాన్ని. కూర్చో."

అంతమంది ముందు పెద్దావిడ అడిగింది. అతను చెప్పులు విడిచి నేల మీద కూర్చుని, ఆవిడ ఎడమ కాలిని ఒళ్లోకి తీసుకున్నాడు.

ఆవిడ గోళ్లు ఆ ఆదివారమే నేను తీశాను. చర్మం దాకా. తీయడానికి అక్కడ ఏమీ లేదు.

టైలర్ ఆ వేళ్లను చూశాడు. ఒక్కొక్కటీ పక్కకు తీసి చూశాడు. తలెత్తి నా వైపు చూశాడు. నేను చూపు తప్పించాను. మామ్మ ఎటో చూస్తోంది.  తర్వాత కత్తెర తెరిచి, చిటికెన వేలి దగ్గర పెట్టి, ఆడించాడు. గాలి తెగిన చప్పుడు వచ్చింది. పక్క వేలికి జరిగాడు.

"వస్తున్నావా, లేదా?" అన్నాడు గుట్ట దారిలో నిలబడ్డవాడు.

"మామ్మ పని అవనీ" అన్నాడు టైలర్, తల ఎత్తకుండా. "ఆగలేకపోతే నువ్వు పో."

ఒంటరిగా దిగడం ఎవరికీ ఇష్టం లేదు. నిలబడ్డవాళ్లు వాన వెలిసిన మెట్ల మీద కూర్చున్నారు. ఒకడు చుట్ట వెలిగించాడు. కత్తెర నెమ్మదిగా ఆడుతోంది. బొటనవేలి దగ్గర అతను చాలాసేపు ఉన్నాడు.

ముందు చెట్లు కదిలాయి. కొండ మీద నిలబడ్డ చెట్లు నిలబడ్డట్టే కిందికి రావడం చూశాను. చప్పుడు తర్వాత వచ్చింది. పంపు షెడ్డు, మా ఇల్లు, డాబా మీది స్తంభం ఒకే వైపు వంగి, కనపడకుండా పోయాయి. మట్టి వీధిలోకి తిరిగి, వీధి వెంట దిగింది, దారి తెలిసినదానిలా. టైలర్ కొట్టు దాటింది. బజారు రోడ్డు మీదికి వచ్చి ఆగింది.

వసారాలో ఎవరివాళ్లను వాళ్లు పేర్లు పెట్టి పిలుచుకున్నారు. అందరూ పలికారు. పాలామె గేదె మెడ పట్టుకుని ఏడ్చింది. చుట్ట వెలిగించినవాడి నోట్లోంచి చుట్ట జారి, తడి మెట్టు మీద ఆరిపోయింది. మా ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, మా ఇల్లు ఉన్న చోటును చూస్తున్నాడు. అత్తయ్య ఏడవలేదు. స్తంభానికి ఆనుకున్నదల్లా నేల మీదికి ఒరిగి, చెయ్యి తలకింద పెట్టుకుని కళ్లు మూసుకుంది. నిద్రపోతోందని నాకు కాసేపటికి గాని అర్థం కాలేదు.

టైలర్ వెనక్కి తిరిగి తన కొట్టు ఉన్న వైపు చూస్తూ ఉండిపోయాడు. మామ్మ కాలు ఇంకా అతని ఒళ్లోనే ఉంది. దాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. అతని వేళ్లు దిగబడిన చోట చర్మం తెల్లబడింది. ఆవిడకు తెలియదు.

"అయిందా అబ్బాయ్?" అంది మామ్మ.

అతను మొహం మోచేత్తో తుడుచుకున్నాడు. కాలు నేల మీద పెట్టి, ఇటు పక్కకు జరిగి కూర్చున్నాడు.

"ఇంకో కాలుంది మామ్మా."